మోకాలా, తుంటా, నడుమా: స్క్వాట్‌లో బరువు మోసేది ఏది?

జిమ్‌లో కొత్తగా చేరినవాళ్లకు కాళ్ల వ్యాయామాల గురించి మొదట వినిపించే మాట ఒకటుంది: ‘మోకాలు కాలివేళ్లను దాటకూడదు’. ట్రైనర్లు చెబుతారు, యూట్యూబ్ చెబుతుంది, మోకాళ్ల నొప్పులని వెళ్తే కొందరు డాక్టర్లూ చెబుతారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. కానీ ఈ ఒక్క నియమాన్నే పట్టుకుంటే, మోకాలికి తగ్గిన శ్రమ ఎక్కడికి పోయిందన్న ప్రశ్న మిగిలిపోతుంది. స్క్వాట్‌లో, అంటే కూర్చుని లేచే వ్యాయామంలో, భుజాల మీదున్న బరువు మాయమైపోదు కదా. మోకాలు మోయనిది తుంటి మోయాలి, తుంటికి చేతకానిది నడుము మీద పడుతుంది. కాళ్ల వ్యాయామాల్లో సరైన ఫారం, అంటే చేసే తీరు, చివరికి ఈ లెక్కే: ఏ కీలు ఎంత మోస్తోంది, అంత మోసే స్థితిలో అది ఉందా లేదా.

దీన్ని కొలిచి చూసినవాళ్లున్నారు. 2003లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, బరువులెత్తే అలవాటున్న ఏడుగురు మగవాళ్ల చేత ఒంటి బరువుకు సమానమైన బరువుతో స్క్వాట్లు చేయించారు. ఒకసారి మామూలుగా, ఇంకోసారి మోకాళ్లు ముందుకు రాకుండా ఎదురుగా పలక అడ్డం పెట్టి. పలక ఉన్నప్పుడు మోకాలి దగ్గర టార్క్, అంటే కీలును తిప్పే బలం, దాదాపు 150 న్యూటన్ మీటర్ల నుంచి 117కి తగ్గింది. బాగానే ఉంది. అదే సమయంలో తుంటి దగ్గర అది 28 నుంచి 302కి పెరిగింది. మోకాళ్లకు దారి లేకపోయేసరికి మనిషి ఇంకా ముందుకు వాలాల్సి వచ్చింది మరి. మోకాలికి అయిదో వంతు చిల్లర మిగిలింది, తుంటికి పది రెట్లు పైబడింది. ఏడుగురితో చేసిన అధ్యయనం చిన్నదే. అయినా అది చెప్పింది మామూలు భౌతికశాస్త్రమే కాబట్టి తోసిపుచ్చడానికి లేదు.

పూర్తిగా కిందికి కూర్చోవడం మీద ఉన్న భయానికి ఇంకా పాత చరిత్ర ఉంది. 1961లో టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్ క్లైన్, లోతుగా కూర్చునే స్క్వాట్ల వల్ల మోకాలి లిగమెంట్లు, అంటే ఎముకలను కలిపి పట్టుకునే పట్టీలు, వదులవుతాయని రాశాడు. తర్వాత ఇదే ప్రశ్నను మళ్లీ పరీక్షించినవాళ్లకు అలాంటి వదులు కనిపించలేదు. కానీ అప్పటికే మాట పాకిపోయింది. సగం దాకా కూర్చుని లేవడమే క్షేమం అన్నది చాలా జిమ్‌లలో స్థిరపడిపోయింది. నిజానికి సగం దాకా దిగేవాళ్లు ఎక్కువ బరువు వేసుకోగలుగుతారు, దాంతో వెన్ను మీద భారం పెరుగుతుంది. ఈ సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు. మోకాలి చిప్ప వెనక ఒత్తిడి మోకాలు 90 డిగ్రీలు వంగే దాకా పెరుగుతూ పోతుంది. ఇంకా కిందికి వెళ్లాక తొడ వెనక భాగం పిక్కకు ఆనుకుని కొంత భారం పంచుకుంటుంది.

మన తాలింఖానాల్లో పహిల్వాన్లు తీసే బస్కీలే చూడండి. మడమలు పైకి లేస్తాయి, మోకాళ్లు వేళ్లను దాటి చాలా ముందుకు వెళ్తాయి. ‘దాటకూడదు’ సూత్రం ప్రకారమైతే కుస్తీ పట్టే ఒక్కడికీ మోకాళ్లు మిగలకూడదు. ఇక వెయిట్‌లిఫ్టింగ్ సంగతి. మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌ను ఒలింపిక్స్‌లో మొదటిసారి చేర్చింది 2000లో సిడ్నీలో. ఆ పోటీల్లోనే శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచింది. ఈ ఆటలో బార్ కిందికి దూరి, పిరుదులు మడమలకు తగిలేంత లోతుకు కూర్చుని లేవడం రోజువారీ సాధన. మోకాళ్లు వేళ్లను దాటకుండా ఆ భంగిమలోకి వెళ్లడం కుదరదు.

అంటే ఎవరైనా ఎలాగైనా చేసేయొచ్చని కాదు. పహిల్వాన్ మోకాలికీ, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి మోకాలికీ తేడా భంగిమలో లేదు. ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా మోసిన అలవాటులో ఉంది. మోకాలి చిప్ప చుట్టూ నొప్పి ఉన్నవాళ్లు కొన్నాళ్లు మోకాళ్లను ముందుకు రానివ్వకుండా, వెనకున్న స్టూలు మీద కూర్చుంటున్నట్టు తుంటిని వెనక్కి నెట్టి స్క్వాట్ చేస్తే నిజంగానే సుఖంగా ఉంటుంది. నడుము నొప్పి ఉన్నవాళ్లకు సరిగ్గా దీనికి తిరగేసిన సలహా పనికొస్తుంది: మోకాళ్లను ముందుకు వెళ్లనివ్వండి, ఛాతీ నిటారుగా ఉంచండి. ‘దాటకూడదు’ అన్నది అందరికీ వర్తించే చట్టం కాదు. భారాన్ని ఒక కీలు నుంచి ఇంకో కీలుకు మార్చే పద్ధతి. అవసరమున్నవాళ్లు వాడుకోవాలి, అంతే.

అందరికీ వర్తించే నియమం ఒకటుంది, అది పాదం గురించి. మనిషి బరువూ మోస్తున్న బరువూ కలిపి పాదం మధ్యభాగం మీద నిలబడాలి. అది వేళ్ల మీదికి జరిగితే ముందుకు తూలతాం, మడమల చివరికి జరిగితే వెనక్కి పడతాం. బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు, మడమ, ఈ మూడూ నేలకు గట్టిగా ఆని ఉన్నాయా అన్నదే స్క్వాట్ మొదలుపెట్టే ముందు చూసుకోవాల్సింది. మిగతా శరీరం ఏ ఆకారంలోకి వెళ్లాలో చాలావరకు ఎముకల పొడవే నిర్ణయిస్తుంది. తొడ ఎముక పొడుగ్గా ఉన్నవాళ్లు కూర్చునేటప్పుడు తుంటి చాలా వెనక్కి వెళ్తుంది. దానికి తూకంగా ఛాతీ ముందుకు వాలక తప్పదు. అలాంటి మనిషిని ‘నిటారుగా, నిటారుగా’ అని ట్రైనర్ పక్కనుంచి అరిస్తే మడమలు లేస్తాయి, లేదంటే వెనక్కి కూలబడతాడు. పొట్టి తొడలు, పొడుగు మొండెం ఉన్నవాళ్లు ఏ శిక్షణా లేకుండానే పుస్తకంలో బొమ్మలా కూర్చుంటారు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫారం నేర్పేవాళ్లలో చాలామంది ఈ రెండో రకమే అయి ఉంటారని అనుమానం.

బరువును ఎక్కడ పెట్టుకున్నామన్నది కూడా ఇంతే ముఖ్యం. డంబెల్‌ను రెండు చేతులతో ఛాతీకి ఆనించి పట్టుకుంటే అది ముందున్న బరువు కాబట్టి మొండెం దానంతటదే నిటారుగా ఉంటుంది. దీన్ని గోబ్లెట్ స్క్వాట్ అంటారు. కొత్తవాళ్లకు ఇంతకన్నా మంచి మొదలు లేదు. డంబెల్ లేకపోతే అయిదు కిలోల గోధుమపిండి ప్యాకెట్ చాలు. బార్‌ను మెడ వెనక వేసుకుంటే కొంత ముందుకు వాలక తప్పదు, అది తప్పు కూడా కాదు. ‘ఉట్టి బార్‌తో మొదలుపెట్టండి’ అని తేలిగ్గా అనేస్తుంటారు గానీ, పోటీల్లో మగవాళ్లు వాడే బార్ ఒక్కటే 20 కిలోలు, ఆడవాళ్లది 15. జన్మలో బరువెత్తని మనిషికి అది ‘ఉట్టి’ కాదు. ఒంటి బరువుతోనే స్థిరంగా పదిహేను సార్లు కూర్చుని లేవలేని వాళ్లకు బార్‌తో పనిలేదు.

ఫారం చెడిపోవడం సాధారణంగా మూడు చోట్ల కనిపిస్తుంది. మడమలు లేవడం మొదటిది. కారణం చాలాసార్లు చీలమండ బిగుసుకుపోవడం. గొంతుక్కూర్చోవడం మన ఇళ్లలో ఒకప్పుడు రోజువారీ పని. మరుగుదొడ్డి దగ్గర నుంచి కూరగాయలు తరగడం దాకా అన్నీ ఆ భంగిమలోనే జరిగేవి. కమోడ్లు, డైనింగ్ టేబుళ్లు వచ్చాక ఆ అలవాటు తప్పి, నలభై ఏళ్లకే మడమలు ఆనించి గొంతుక్కూర్చోలేని వాళ్లున్నారు. మడమల కింద అంగుళం మందం పలక పెట్టుకుంటే వెంటనే తేడా తెలుస్తుంది. లిఫ్టర్ల బూట్లకు ఎత్తు మడమ ఉండేదీ ఇందుకే. మెత్తటి రన్నింగ్ షూస్ మాత్రం స్క్వాట్‌కు పనికిరావు, పాదం అడుగున కుదురు ఉండదు. ఇంట్లో అయితే ఒట్టి కాళ్లే మేలు. సాక్సులతో టైల్స్ మీద చేయకూడదని వేరే చెప్పక్కర్లేదు.

రెండోది, లేచేటప్పుడు మోకాళ్లు లోపలికి ఒరిగిపోవడం. అసలు భయపడాల్సింది ముందుకు వెళ్లే మోకాలికన్నా ఇలా పక్కకు కూలే మోకాలికి. తుంటి పక్కన ఉండే కండరాలు చాలనప్పుడో, పాదం లోపలివైపుకి చదునైపోయినప్పుడో, బరువు మరీ ఎక్కువైనప్పుడో ఇది కనిపిస్తుంది. మోకాలి చిప్ప రెండో వేలు చూసే దిశలోనే చూడాలి. పాదాలు ఎంత బయటికి తిరిగి ఉంటే మోకాళ్లూ అంతే బయటికి వెళ్లాలి. తుంటి గిన్నె ఆకారం అందరికీ ఒకలా ఉండదు కాబట్టి పాదాలు ఎంత ఎడంగా, ఎంత వాలుగా పెట్టాలన్నది ఎవరికి వాళ్లు నాలుగైదు రకాలుగా చేసి చూసుకోవాల్సిందే. లేచేటప్పుడు నేలను రెండు పాదాలతో పక్కలకు చీలుస్తున్నట్టు నెట్టమనడం కొందరికి బాగా పనిచేస్తుంది. అప్పటికీ ఒరిగిపోతుంటే బరువు తగ్గించడమొక్కటే దారి.

మూడోది అడుగుకు చేరేటప్పుడు తోక ఎముక లోపలికి ముడుచుకుని నడుము కింది భాగం గుండ్రమైపోవడం. ఒంటి బరువుతో చేసేటప్పుడు దీని గురించి టెన్షన్ పడాల్సిన పనిలేదు. చిన్నప్పుడు గుంజీలు తీసిన ప్రతివాళ్ల నడుమూ అలాగే వంగింది. బరువు మోస్తున్నప్పుడు మాత్రం, ఎక్కడ ముడుచుకోవడం మొదలవుతుందో అంతకు ఒక అంగుళం పైనే ఆగి లేవడం మంచిది. ఫోన్‌ను తుంటి ఎత్తులో పక్కనుంచి పెట్టి వీడియో తీసుకుంటే ఆ చోటు కనిపిస్తుంది. అద్దం దీనికి పనికిరాదు. ముందు అద్దంలో పక్క కోణం తెలియదు, పక్క అద్దంలో చూడాలంటే మెడ తిప్పాలి.

స్క్వాట్ తర్వాత నేర్చుకోవాల్సింది తుంటి దగ్గర వంగడం. జిమ్‌లో దీని పేరు డెడ్‌లిఫ్ట్, ఇంట్లో దీని పేరు గ్యాస్ బండ ఎత్తడం. ఇళ్లలో వాడే సిలిండర్‌లో గ్యాస్ 14.2 కిలోలు. ఖాళీ బండ బరువు కూడా దాదాపు అంతే ఉంటుంది కాబట్టి నిండుది సుమారు 30 కిలోలు. దాన్ని ఒంటికి 20 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని లేపడానికీ, 50 సెంటీమీటర్ల దూరం నుంచి చేతులు చాచి లేపడానికీ బండ వల్ల నడుము మీద పడే టార్క్‌లో రెండున్నర రెట్ల తేడా. బండ బరువు మారలేదు, దూరం మారిందంతే. నడుము పట్టేసిందంటే వెన్ను వంకరనే కాదు, ఈ దూరాన్నీ చూసుకోవాలి. అందుకే డెడ్‌లిఫ్ట్‌లో బార్ పాదం మధ్యభాగం పైనే ఉండాలని, పిక్కలను రాసుకుంటూ పైకి రావాలని అంటారు.

వెన్ను ఎంత వంగితే ప్రమాదం అన్నదాని మీద నిపుణుల్లో ఇప్పటికీ వాదన ఉంది. పంది వెన్నెముకలను ల్యాబ్‌లో వేల సార్లు వంచితే డిస్కులు దెబ్బతిన్నాయి. మరోవైపు, బరువెత్తేటప్పుడు నడుము కొంత వంచే మనుషులకే నొప్పి ఎక్కువగా వస్తోందని చూపే గట్టి ఆధారం దొరకలేదు. నిటారుగా ఉంచామనుకునే లిఫ్టర్ల నడుము కూడా కొలిస్తే ఎంతో కొంత వంగే ఉంటుంది. ఇందులోంచి కొత్తవాళ్లు తీసుకోవాల్సింది సులువే: బరువు లేపాక మధ్యలో నడుము ఆకారం మారిపోకూడదు. మొదలుపెట్టినప్పుడు ఎలా ఉందో, పైకి వచ్చేదాకా అలాగే బిగించి ఉంచాలి.

తుంటి దగ్గర వంగడం అలవాటు కావడానికి ఇల్లు తుడిచే మాపు కర్ర చాలు. కర్రను వెన్ను పొడుగునా పట్టుకుంటే అది తల వెనక, భుజాల మధ్య, తోక ఎముక దగ్గర తగలాలి. గోడకు ఒక అడుగు దూరంలో వీపు గోడవైపు పెట్టి నిలబడి, మోకాళ్లు కొంచెం సడలించి, పిరుదులతో గోడను తాకడానికి ప్రయత్నించాలి. కర్ర మూడు చోట్లా తగిలే ఉంటే వంగింది తుంటి. ఏదో ఒకచోట వదిలేస్తే వంగింది వెన్ను. తొడల వెనక గట్టిగా లాగినట్టు అనిపించే చోటే ఆ వ్యాయామానికి అడుగు. అక్కడి నుంచి ఇంకా కిందికి వెళ్తే అదంతా నడుము ఇచ్చే లోతే, తొడలది కాదు.

ఒంటికాలి వ్యాయామాల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, అక్కడా ఇదే లెక్క. లంజ్‌లో, అంటే ఒక అడుగు వేసి మోకాళ్లు వంచి దిగి లేచే వ్యాయామంలో, అడుగు పొడుగ్గా వేస్తే తుంటి ఎక్కువ పనిచేస్తుంది, పొట్టిగా వేస్తే మోకాలు. ముందుకు అడుగేసే లంజ్ కన్నా వెనక్కి అడుగేసేది మోకాళ్లకు నయం, ఆగడానికి బ్రేక్ వేయాల్సిన పని ముందు కాలికి ఉండదు కాబట్టి. మెట్టు ఎక్కి దిగే వ్యాయామంలో కింది కాలితో ఎగిరి దొంగాట ఆడకుండా చూసుకోవాలి. వెల్లకిలా పడుకుని పిరుదులెత్తేటప్పుడు నడుములో పట్టేసినట్టుంటే మడమలను ఇంకాస్త దగ్గరికి తెచ్చుకుని, పక్కటెముకలను కిందికి దించాలి. పిక్కల వ్యాయామం ఊగుతూ చేస్తే ఉపయోగం తక్కువ, పైన ఒక క్షణం ఆగి నెమ్మదిగా దిగాలి.

ఊపిరి సంగతికి కొంచెం ఎక్కువ చోటివ్వాలి, ఎందుకంటే బీపీ ఉన్నవాళ్లు దాదాపు ప్రతి ఇంట్లోనూ కనిపిస్తున్నారు. పెద్ద బరువులెత్తేవాళ్లు ఊపిరి బిగబట్టి పొట్టను గట్టిపరుస్తారు. దానివల్ల వెన్నుకు ఆసరా దొరుకుతుంది. కానీ రక్తపోటు అమాంతం పెరుగుతుంది. 1985లో కెనడా పరిశోధకులు అనుభవమున్న బాడీబిల్డర్ల రక్తనాళంలో నేరుగా సాధనం పెట్టి కొలిచారు. రెండు కాళ్లతో లెగ్ ప్రెస్‌ను శక్తికొద్దీ నెడుతున్నప్పుడు పీడనం సగటున 320/250 దాకా వెళ్లింది. ఒకరికైతే 480/350 దాటింది. ఆరోగ్యవంతులకు అది కొన్ని క్షణాల్లో దిగిపోతుంది. బీపీ అదుపులో లేనివాళ్లకు, షుగర్ వల్ల కంటి రెటీనా బాగా దెబ్బతిన్నవాళ్లకు మాత్రం ఇది ఆడుకునే విషయం కాదు. కంట్లో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. వీళ్లు తేలికపాటి బరువుతో, దిగేటప్పుడు పీల్చి లేచేటప్పుడు వదులుతూ చేయాలి, అదీ డాక్టర్‌ను అడిగాకే. మామూలు మనుషులు కూడా పన్నెండు సార్లు హాయిగా చేయగలిగే బరువుకు ఊపిరి బిగబట్టక్కర్లేదు.

బరువు ఎంత, ఎన్నిసార్లు అన్నదానికి అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ 2009లో ఇచ్చిన లెక్క ఇప్పటికీ వాడుకోదగ్గదే: కొత్తవాళ్లు 8 నుంచి 12 సార్లు చేయగలిగే బరువుతో మొదలుపెట్టి, అనుకున్నదానికన్నా ఒకటి రెండు సార్లు ఎక్కువ చేయగలుగుతున్నప్పుడు 2 నుంచి 10 శాతం పెంచాలి. వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విరామం. ఇంకో రెండు సార్లు చేయగలం అనిపించినప్పుడే ఆపేస్తే ఫారం చెడే అవకాశం తక్కువ. చివరి రెండు సార్లలోనే అన్నీ వంకరపోతాయి. పంతం పట్టి మొదటిరోజే వందల కొద్దీ గుంజీలు తీసినవాళ్లు ఆస్పత్రి పాలైన సందర్భాలున్నాయి. కండరం చితికి దానిలోని పదార్థం రక్తంలోకి చేరి కిడ్నీలను దెబ్బతీస్తుంది. విపరీతమైన తొడ నొప్పితో పాటు మూత్రం డికాషన్ రంగులోకి మారితే ఆలస్యం చేయకూడదు. స్కూళ్లలో గుంజీలను శిక్షగా వేసేవాళ్లకు ఈ సంగతి తెలిసి ఉంటే బాగుండు.

పెద్దవాళ్ల విషయానికొస్తే, ‘గుజ్జు అరిగిపోయింది, ఇక కాళ్లకు పని చెప్పొద్దు’ అన్నది మన ఇళ్లలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసిన సలహా. మోకాళ్ల అరుగుదల ఉన్నవాళ్లందరికీ తగిన వ్యాయామం చేయించమని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2022 మార్గదర్శకాల్లో ఉంది. 1990లో అమెరికాలోని ఒక వృద్ధాశ్రమంలో తొంభై ఏళ్ల వయసు దగ్గరివాళ్ల చేత ఎనిమిది వారాలు కాళ్ల బలం వ్యాయామాలు చేయిస్తే వాళ్ల తొడ బలం సగటున 174 శాతం పెరిగింది. వయసు మీరిందన్న సాకుకు అక్కడితో చోటు లేకుండా పోయింది. కాళ్ల బలం తెలుసుకోవడానికి చేతులు ఛాతీకి కట్టుకుని, కుర్చీలోంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెడతారు. 60 నుంచి 64 ఏళ్లవాళ్లలో మగవాళ్లకు 14, ఆడవాళ్లకు 12 కన్నా తగ్గితే సగటు కన్నా తక్కువని అర్థం. లెక్క తక్కువొస్తే ఆ పరీక్షే వ్యాయామం అవుతుంది. కుర్చీని గోడకు ఆనించి, సీటు మీద రెండు దిండ్లు వేసి మొదలుపెట్టి, సునాయాసంగా పదిసార్లు లేవగలిగాక ఒక దిండు తీసేయాలి. ఆ తర్వాత రెండోది. కూర్చునేటప్పుడు ధబీమని పడిపోకుండా మూడు లెక్కపెడుతూ దిగాలి, అదీ వ్యాయామంలో భాగమే.

నొప్పి వస్తే ఏం చేయాలి? ఫిజియోథెరపిస్టులు సున్నా నుంచి పది దాకా కొలమానం వాడతారు. వ్యాయామంలో మూడు నాలుగు దాకా నొప్పి ఉండి, మర్నాటికి మామూలు స్థాయికి వచ్చేస్తే కొనసాగించవచ్చు. మర్నాడు ఇంకా ఎక్కువైతే లోతో, బరువో, ఎన్నిసార్లన్నదో ఏదో ఒకటి తగ్గించాలి. మూడూ ఒకేసారి తగ్గిస్తే దేనివల్ల వచ్చిందో తెలియదు. మోకాలు వాచినా, మధ్యలో ఇరుక్కుపోయినట్టు ఆగిపోయినా, నడుస్తుంటే కాలు వదిలేసినట్టవుతున్నా ఫారం సరిచేసుకునే పని పక్కన పెట్టి ముందు ఎముకల డాక్టర్‌కు చూపించుకోవాలి. నడుము నొప్పితో పాటు కాలు తిమ్మిరెక్కి, మూత్రం మీద అదుపు తప్పితే అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.